ఇంటి ఫోటోలో ఆకాశం ఎవరు పెట్టారు?

అమ్మకానికి పెట్టిన ఇళ్ళ ఫోటోలు ఎప్పుడైనా శ్రద్ధగా చూశారా? ఏ సైటు తెరిచినా, ఏ ఊరి ఇల్లయినా ఆకాశం మాత్రం నీలంగానే ఉంటుంది. దూదిపింజల్లాంటి మబ్బులు రెండు. గడ్డి ఎండిపోయి ఉండదు. గోడలు గుండు కట్టి చూసినట్టు నిట్టనిలువుగా ఉంటాయి. గదిలో వెలుతురుంటుంది, కిటికీలోంచి బయట చెట్టూ స్పష్టంగా కనిపిస్తుంది. అద్దంలో ఫోటో తీస్తున్న మనిషి ఉండడు. మన ఇంట్లో మనం ఫోన్‌తో తీస్తే ఇందులో ఒక్కటైనా వస్తుందా? కిటికీ తెల్లకాగితం ముక్కలా వస్తుంది, లేదంటే గది చీకటికొట్టులా వస్తుంది.

మంచి కెమేరా, మంచి ఫోటోగ్రాఫర్ ఉంటే అలాగే వస్తాయి అనేది సగమే నిజం. మిగతా సగం పని కెమేరా సంచిలో పెట్టేశాక మొదలవుతుంది. ఆ పని చేసేవాడి పేరు ఫోటో కింద ఉండదు. ఆ ఇల్లు కొన్నవాళ్ళకి అలాంటి మనిషి ఒకడున్నాడని కూడా తెలీదు. ఈసారి ఆ పని గురించి, దాంతోపాటు వచ్చే ఒక చిక్కు గురించి రాద్దామని.

ముందు కెమేరా బాధేంటో చూద్దాం. మిట్టమధ్యాహ్నం ఎండ వెలుతురు సుమారు 1,00,000 లక్స్ ఉంటుంది. అదే సమయంలో గదిలో కిటికీకి దూరంగా ఉన్న మూల 100, 200 లక్స్ ఉంటే గొప్ప. అంటే 500 నుంచి 1000 రెట్ల తేడా అన్నమాట. మన కన్ను దీన్ని లెక్కచెయ్యదు. గది వైపు చూసినప్పుడు కంటిపాప పెద్దదవుతుంది, కిటికీ వైపు తిరిగితే చిన్నదవుతుంది, మిగతాది మెదడు అతుకులేసి ఒకే బొమ్మగా చూపిస్తుంది. కెమేరాకి ఆ మెదడు లేదు. ఒక క్లిక్కుకి ఒకటే ఎక్స్‌పోజర్.

అందుకని ఫోటోగ్రాఫర్ ట్రైపాడ్ మీద కెమేరా కదలకుండా పెట్టి ఒకే దృశ్యాన్ని మూడు నుంచి ఏడు సార్లు తీస్తాడు. ఒకటి చీకటిగా, ఒకటి మామూలుగా, ఒకటి బాగా వెలుగ్గా. దీన్ని బ్రాకెటింగ్ అంటారు. తర్వాత వీటన్నిటినీ కలిపి ఒకటి చెయ్యాలి. 1997లో పాల్ డెబెవెక్, జితేంద్ర మాలిక్ (మన ఐఐటీ కాన్పూర్ పూర్వవిద్యార్థే) రాసిన పేపర్ ఈ రంగంలో పెద్ద మలుపు. వేర్వేరు ఎక్స్‌పోజర్ల నుంచి అసలు వెలుతురు ఎంతుందో లెక్కగట్టే పద్ధతి అది. 2007లో మెర్టెన్స్, కౌట్జ్, వాన్ రీత్ ఇంకో దారి చెప్పారు. అసలు వెలుతురు లెక్కలొద్దు, ప్రతి పిక్సెల్ దగ్గరా కాంట్రాస్ట్, రంగు, ఎక్స్‌పోజర్ ఏ ఫోటోలో బాగున్నాయో చూసి దానికి ఎక్కువ మార్కులేసి కలిపెయ్యడమే. మనలాంటి వాళ్ళకి వినడానికి ఎంత హాయిగా ఉంది కదా, ఒక ఫర్ లూపు, మూడు వెయిట్లు :)

కానీ ఫోటో దగ్గరికొచ్చేసరికి అంత హాయిగా ఉండదు. ఐదు క్లిక్కుల మధ్యలో కర్టెన్ ఊగుతుంది, ఫ్యాన్ తిరుగుతుంది, బయట కొమ్మ కదులుతుంది. కలిపితే దెయ్యం నీడల్లా వస్తాయి. కిటికీ అంచు చుట్టూ తెల్లటి వలయం వస్తుంది. కాబట్టి కిటికీని చేత్తో విడిగా కత్తిరించి అతకాలి. దీన్ని వాళ్ళ భాషలో 'విండో పుల్' అంటారు. ఇక రంగులు. బల్బు వెలుతురు పసుపు, కిటికీ వెలుతురు నీలం, చెక్క నేల నుంచి ఎగిరిన ఎరుపు తెల్లగోడ మీద, బయట గడ్డి పచ్చదనం సీలింగు మీద. వీటన్నిటినీ విడివిడిగా పట్టుకుని గోడని మళ్ళీ తెల్లగోడని చెయ్యాలి. లెన్సు వల్ల వంగిన గోడల్ని నిలబెట్టాలి. అద్దంలోంచి ఫోటోగ్రాఫర్ని, ట్రైపాడ్‌ని తుడిచెయ్యాలి. తోటలో పైపు, వాకిట్లో ఆయిల్ మరక, ముందుకు తోసుకొచ్చిన చెత్తబుట్ట... ఇలా చిల్లరపనుల చిట్టా కొండవీటి చాంతాడంత ఉంటుంది. ఒక ఇంటికి 30 ఫోటోలు, ఫోటోకి ఐదు క్లిక్కులు అనుకుంటే 150 ఫైళ్ళు.

ఇదంతా నాకు తెలియడానికి కారణం మా పిన్ని కొడుకు. వాడుండేది కోటబొమ్మాళిలో. శ్రీకాకుళం జిల్లా వాళ్ళకి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళకి, టెక్కలి దగ్గర, 16వ నెంబరు జాతీయ రహదారి మీద, హౌరా-చెన్నై రైలు దారిలో ఉంటుంది. కొత్తమ్మ తల్లి జాతర మా వైపు పెద్ద పండగ. 2023లో 'కోటబొమ్మాళి పీఎస్' సినిమా వచ్చాక మా ఊరి పేరు చెప్తే 'ఎక్కడది?' అని అడిగేవాళ్ళు తగ్గారు. (ఆ కథ మలయాళం నుంచి తెచ్చింది, మా ఊరికీ దానికీ ఏ సంబంధమూ లేదని నేనింకా ఆఫీసులో చెప్పుకుంటూనే ఉన్నాను.)

మావాడు డిగ్రీ అయ్యాక కొన్నాళ్ళు ఒక స్టూడియోలో పెళ్ళి ఆల్బమ్‌లు చేశాడు. పెళ్ళికూతురి మొహం మీద మచ్చలు తీసెయ్యడం, పెళ్ళికొడుకు వెనక ఆవలిస్తున్న పెదనాన్నని మాయం చెయ్యడం... చెయ్యి తిరిగింది. తర్వాత ఒక మధ్యవర్తి ద్వారా అమెరికా ఇళ్ళ ఫోటోల పని దొరికింది. ఇంట్లోనే కూర్చుని, ఫోటోకి ఇంత అని పీస్ రేటు. కాల్‌సెంటర్ వాళ్ళలా రాత్రి మేలుకోనక్కర్లేదు. ఈ పని వరస తిరగేసి ఉంటుంది. డాలస్‌లో ఫోటోగ్రాఫర్ పగలంతా ఇళ్ళు తిరిగి తీసి సాయంత్రం 6కి ఫైళ్ళు పంపిస్తాడు. వేసవిలో అయితే మనకది తెల్లారుజాము 4:30. మర్నాడు పొద్దున్న 8కల్లా ఆయనకి ఫోటోలు అందాలి, అంటే మనకి సాయంత్రం 6:30. ఆయన నిద్రపోయి లేచేలోపు మావాడికి ఒక పగలు పూర్తిగా దొరుకుతుంది. ఆ ఫోటోగ్రాఫర్ 'ఒక్క రాత్రిలో డెలివరీ' అని గొప్పగా చెప్పుకోవచ్చు. ఆ రాత్రి ఇక్కడి పగలు.

వాడి పనిలో నాకు బాగా నచ్చిన ముక్క చెప్తాను. అమెరికా ఇళ్ళల్లో హాల్లో గోడలోనే చలిమంట గూడు ఉంటుంది కదా. ఫోటోలో అది ఆరిపోయి ఉంటే బోసిగా ఉంటుందని, 'నిప్పు వెయ్యండి' అని ఆర్డరొస్తుంది. మే నెలలో, చెమట ధారలు కారే ఆ ఉక్కపోతలో, కరెంటు పోయి ఇన్వర్టర్ కీచుమంటుంటే, మావాడు రోజుకి ఐదారు ఇళ్ళల్లో చలిమంటలు వేస్తాడు. "గోడలో మంటెట్టుకుంటే పొగెటు పోద్దన్నియ్యా?" అని ఒకసారి నన్నే అడిగాడు. వాడు జన్మలో ఒక్క చలిమంట గూడూ చూడలేదు. కానీ ఏ మంట ఏ గూటికి అతుకుతుందో, ఆ మంట వెలుగు ఎదురుగా ఉన్న సోఫా మీద ఎంత పడాలో వాడికి తెలిసినంతగా ఆ ఇంటాయనకి తెలీదేమో.

ఇది కంప్యూటర్లొచ్చాక పుట్టిన రోగం అనుకునేవాళ్ళు ఒక విషయం గమనించాలి. 1850లలో ఫ్రాన్సులో గుస్తావ్ లెగ్రే అనే ఫోటోగ్రాఫర్ సముద్రం ఫోటోలు తీసేవాడు. అప్పటి రసాయనాలకి నీలిరంగంటే మహా చురుకు, అలలు సరిగ్గా వచ్చేంతసేపు ఉంచితే ఆకాశం తెల్లబోయేది. అందుకని కొన్ని ఫోటోలకి సముద్రానికో నెగటివ్, ఆకాశానికో నెగటివ్ తీసి రెంటినీ ఒకే ప్రింటులో కలిపాడు. మన వైపు చూస్తే, ఆరో నిజాం ఆస్థాన ఫోటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్ హైదరాబాద్ ప్యాలెస్‌ల ఫోటోలు తీశాడు, అవి చూడకుండా ఆ భవనాల చరిత్ర ఎవరూ రాయలేరు. ఆ కాలపు పెద్ద స్టూడియోల్లో నెగటివ్ మీద పెన్సిల్‌తో దిద్దేవాళ్ళు, ప్రింటుకి రంగులద్దేవాళ్ళు వేరే ఉండేవారు. ప్రింటు కింద స్టూడియో పేరుండేది. దిద్దినాయన పేరు ఉండేది కాదు. నూటయాభై ఏళ్ళు గడిచినా ఆ పద్ధతి మాత్రం మారలేదు.

కాబట్టి ఎడిటింగ్ చేస్తే అబద్ధం, చెయ్యకపోతే నిజం అని తేల్చెయ్యడం కుదరదు. ఎడిట్ చెయ్యని ఫోటోలో తెల్లగా మాడిపోయిన కిటికీ కూడా అబద్ధమే, ఆ గదిలో నిలబడ్డవాడికి బయట చెట్టు కనిపిస్తుంది కాబట్టి. నాకనిపించేదేంటంటే, ఈ పనిలో రెండు రకాలున్నాయి. ఒకటి, కెమేరా లోపాన్ని సరిదిద్దడం. ఆ గదిలో నిలబడితే కంటికి ఏం కనిపిస్తుందో దానికి ఫోటోని దగ్గర చెయ్యడం. రెండోది, ఇంటి లోపాన్ని సరిదిద్దడం, అదీ ఫోటోలో మాత్రమే. గోడ పగులు, కార్పెట్ మరక, ఎదురుగా ఉన్న స్తంభం, పక్కింటి రేకుల షెడ్డు. రెండు పనులూ ఒకే సాఫ్ట్‌వేర్‌లో, ఒకే మౌసుతో, ఒకే మనిషి చేస్తాడు. రేటులో కూడా పెద్ద తేడా ఉండదు. అందుకే ఆ గీత ఎప్పుడు దాటామో ఎవరికీ తెలీదు.

మధ్యలో ఉండేవి కూడా ఉన్నాయి లెండి. 16 ఎంఎం లెన్సు అడ్డంగా దాదాపు 97 డిగ్రీలు చూస్తుంది. దాంతో తీస్తే పదడుగుల గది కల్యాణమండపంలా కనిపిస్తుంది. ఇక్కడ ఎడిటింగ్ ఏమీ లేదు, లెన్సే అంత పని చేసింది. ఖాళీ గదిలో కంప్యూటర్ సోఫాలు, మంచాలు వేసే 'వర్చువల్ స్టేజింగ్' ఉంది. అలా వేశామని కింద రాస్తే తప్పేం లేదు. కానీ ఐదడుగుల మంచాన్ని నాలుగడుగులకి కుదించి వేస్తే గది పెద్దదైపోతుంది.

ఈ గీత ఎక్కడుందో నాకు బాగా అర్థమైంది మాత్రం మా తాతగారి ఇంటి విషయంలోనే.

మా మావయ్య ఆ ఇల్లు అమ్ముదామనుకున్నాడు. కూతురి చదువుకి చేసిన అప్పుంది, వడ్డీ పెరుగుతోంది. ఊళ్ళోనే, పాతకాలపు డాబా. ముందు వీధిలో కరెంటు స్తంభం, దాని మీద ట్రాన్స్‌ఫార్మర్. వెనక గదిలో తూర్పు గోడకి చెమ్మ. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మా జిల్లాని ఊపేసినప్పుడు స్లాబ్ దగ్గర ఎక్కడో నీళ్ళు దిగడం మొదలైంది, రెండుసార్లు బాగుచేయించినా వానాకాలం వచ్చేసరికి గోడ మళ్ళీ ఉబ్బుతుంది. కొంటానని ముందుకొచ్చింది మా మండలం కుర్రాడే. మస్కట్‌లో వెల్డరు. ఏడాది దాకా సెలవు దొరకదు. ఫోటోలు చూసి అడ్వాన్సు పంపిస్తానన్నాడు. మధ్యలో ఒక బ్రోకరు.

నేను అప్పుడు ఊళ్ళోనే ఉన్నాను, వర్క్ ఫ్రమ్ హోమ్ మీద. మా పిన్ని కొడుకు స్టూడియో కెమేరా తెచ్చి, అమెరికా ఇంటిని తీసినంత పద్ధతిగా తీశాడు. ఐదేసి క్లిక్కులు, గోడలు నిటారుగా, కిటికీలు స్పష్టంగా. బయటి ఫోటోలో మబ్బు పట్టి ఉంటే అలవాటుకొద్దీ నీలాకాశం పెట్టేశాడు. మావయ్య చూసి నవ్వి "ఆకాశం మనం అమ్మట్లేదు కదరా, ఉండనీ" అన్నాడు. ఇల్లు నిజంగానే బాగా వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక మా తాతగారిల్లు అంత అందంగా ఉంటుందని నాకూ తెలీదు.

బ్రోకరు ఫోటోలు చూసి రెండు మార్పులు చెప్పాడు. స్తంభం తీసెయ్యాలి, వెనక గది చెమ్మ తీసెయ్యాలి. మావాడికి రెండూ కలిపి పది నిమిషాల పని, చేసి చూపించాడు కూడా. నిజం గోడని బాగుచెయ్యాలంటే స్లాబ్ తవ్వాలి, మేస్త్రీ కావాలి, నెల పడుతుంది, ఖర్చెంతో తెలీదు. ఫోటోలో పది నిమిషాలు. రెండు ఫోటోలూ లాప్‌టాప్ మీద పక్కపక్కన పెట్టుకుని ఆ సాయంత్రం ఇంట్లో పెద్ద చర్చ. "ఎవులింట్ల నేదు సెమ్మ? ఒక్క గోడకి ఇంత రాద్ధాంతమేటి?" అని అత్త. ఆవిడ మాట తీసిపారేసేది కాదు. అప్పు వాయిదా ఆవిడకి నిద్ర పట్టనివ్వడం లేదు. పైగా అందరూ చేస్తున్నదే కదా, మనమొక్కళ్ళం చెయ్యకపోతే నష్టపోయేది మనమే.

మావయ్యకి నారాయణవలస పశువుల సంత కొట్టినపిండి. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "సంతకి ఎద్దుని తోలికెల్లినపుడు కడుగుతాం, కొమ్ములకి నూనె రాస్తాం, మెడకి మువ్వలు కడతాం. అది అందరూ సేసీదే, కొన్నోడికీ తెలుసు. కుంటెద్దుని నిలబెట్టి సూపించి అమ్మీడం ఏరు. సంతల అయితే ఆడు నడిపించి సూస్తాడు. ఈ కుర్రోడు మస్కట్ల ఉన్నాడు, ఏటి నడిపిస్తాడు?"

ఆ మాట విన్నాక నేను ఫోటోల్ని చూసే పద్ధతే మారింది. ఫోటో అంటే నిలబెట్టిన ఎద్దే కదా. కుంటో కాదో నిలబడి ఉండగా తెలీదు.

చివరికి చెమ్మ ఉన్న ఫోటోయే వెళ్ళింది, దగ్గర్నుంచి తీసింది ఇంకోటి కూడా. స్తంభమూ ఉంది. ("స్తంభం ఉన్నాది గాబట్టే ఇంట్ల కరెంటున్నాది" అని మావయ్య జోకు.) మస్కట్ కుర్రాడు రెండు రోజులాలోచించి లక్షన్నర తగ్గించి అడిగాడు. మావయ్య ఒప్పుకున్నాడు. ఇల్లు అమ్ముడైంది గానీ అప్పు పూర్తిగా తీరలేదు. ఆ లక్షన్నర సంగతి అత్త ఇప్పటికీ ఎత్తుతుంది, ఎత్తినప్పుడల్లా మావయ్య దగ్గర జవాబుండదు. నిజాయితీగా ఉంటే అంతా మంచే జరుగుతుందని చెప్పడానికి ఇది రాయట్లేదు. దానికి ఖర్చుంది. ఆ ఖర్చు ఎవరు భరించాలన్నదే ప్రశ్న. చెమ్మ తుడిచేసి ఉంటే అదే లక్షన్నర, బహుశా ఇంకా ఎక్కువే, ఆ వెల్డరు భరించేవాడు, అదీ తనకి తెలియకుండా.

ఆ రాత్రి డాబా మీద పడుకున్నప్పుడు మావాడు ఒక మాటన్నాడు. అంతకు కొన్ని నెలల ముందు వాడికొక ఆర్డర్ వచ్చింది. ఇంటి వెనక హైటెన్షన్ కరెంటు టవరు, తీగలు. 'తీసెయ్యండి, చెట్లు పెట్టండి' అని రెండు ముక్కల్లో సూచన. తీసేశాడు. చాలా బాగా తీసేశాడు, మెచ్చుకుంటూ మెయిల్ కూడా వచ్చింది. "ఆ ఇంటికీ మస్కట్ ఆయనలాంటోడు ఎవడో ఉంటాడు కదన్నియ్యా?" అన్నాడు. నేనేం చెప్తాను? వాడు చెయ్యనంటే ఆ ఫైలు గంటలో ఇంకో ఊరికో ఇంకో దేశానికో పోతుంది. ఆ ఇంటి అడ్రసు వాడికి ఇవ్వరు. కొన్నది ఎవరో తెలీదు. కొన్నవాడికి వీడెవడో తెలీదు. మావయ్యకి మస్కట్ కుర్రాడు కళ్ళ ముందు కనిపించాడు, అందుకే ఆగగలిగాడు. మావాడికి ఫైల్ నెంబరు తప్ప ఏమీ కనిపించదు.

ఇక్కడ మనవాళ్ళకి ఇంకో సంగతి. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో ఇళ్ళు కొంటున్నవాళ్ళలో తెలుగువాళ్ళు ఎంతమంది ఉంటారో మీకు నేను చెప్పక్కర్లేదు. 2020, 2021లో కోవిడ్ రోజుల్లో ఇంట్లో అడుగు పెట్టకుండా ఫోటోలు, వీడియోలు చూసి ఆఫర్లు వేసినవాళ్ళూ ఉన్నారు. కోటబొమ్మాళిలో మావాడు టవరు తుడిచేసిన ఇల్లు, ఏ పలాస వాళ్ళబ్బాయో పార్వతీపురం వాళ్ళమ్మాయో ముప్పై ఏళ్ళ లోను పెట్టి కొని ఉండొచ్చు.

చట్టం ఏమంటుందా అని కాస్త వెతికాను. మన రెరా చట్టం (2016) సెక్షన్ 12 గట్టిదే. బిల్డర్ ప్రకటననో బ్రోషర్‌నో మోడల్ ఫ్లాట్‌నో నమ్మి అడ్వాన్సు కట్టి, అందులో తప్పుడు సమాచారం వల్ల నష్టపోతే పరిహారం ఇవ్వాలి. కొన్నవాడు తప్పుకుంటానంటే డబ్బు వడ్డీతో వెనక్కివ్వాలి. ప్రకటన అనే మాటకి ఆ చట్టంలో అర్థం కూడా విశాలమే, ఏ మాధ్యమంలో చేసిన ప్రచారమైనా వస్తుంది. కాబట్టి హైవే పక్కన వెంచర్ బోర్డు మీద, 2023 ఏప్రిల్‌లో శంకుస్థాపన జరిగిన మూలపేట పోర్టు క్రేన్లు మన ప్లాటు వెనకే ఉన్నట్టు బొమ్మ వేసేవాళ్ళు కాస్త జాగ్రత్తగా ఉండాలి. కానీ ఇదంతా ప్రమోటర్లకి, అంటే కట్టి అమ్మేవాళ్ళకి. 500 చదరపు మీటర్లు మించని స్థలానికి, ఎనిమిది ఫ్లాట్లు మించని ప్రాజెక్టుకి రిజిస్ట్రేషనే అక్కర్లేదు. ఇక మా తాతగారిల్లు లాంటి పాత ఇల్లు ఒక మనిషి ఇంకో మనిషికి అమ్మితే, అద్దెకిస్తే, ఈ చట్టం అటువైపు చూడదు.

పాత ఇళ్ళకి 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ఉంది. సెక్షన్ 55 ప్రకారం, అమ్మేవాడికి తెలిసి, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవాడు చెప్పి తీరాలి. బాగుంది. కానీ మామూలు జాగ్రత్త అంటే ఏంటి? 1882లో అయితే వచ్చి చూసుకోవడం. మస్కట్ నుంచి వాట్సాప్‌లో చూసేవాడి మామూలు జాగ్రత్త ఏంటో ఆ చట్టం రాసినవాళ్ళకి తట్టే అవకాశం లేదు కదా.

నాకు నచ్చిన దారి కాలిఫోర్నియాలో కనిపించింది. అక్కడ ఏబీ 723 అనే చట్టం 2026 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఇంటి ప్రకటనలో డిజిటల్‌గా మార్చిన ఫోటో వాడితే, మార్చామని స్పష్టంగా రాయాలి, మార్చని అసలు ఫోటో చూసుకోవడానికి లింకో క్యూఆర్ కోడో ఇవ్వాలి. వెలుతురు, రంగు, గోడలు నిటారు చెయ్యడం, కత్తిరించడం లాంటి మామూలు సవరణలకి ఇది వర్తించదు. సామాను, నేల, గోడల రంగు, తోట, కిటికీలోంచి కనిపించే దృశ్యం, కరెంటు స్తంభాలు... వీటిని చేర్చినా తీసేసినా మార్చినా చెప్పాలి. చదువుతుంటే నాకు మావయ్యే గుర్తొచ్చాడు. కొమ్ములకి నూనె రాసుకోవచ్చు, కుంటు మాత్రం దాచకూడదు.

మన భాషలో చెప్పాలంటే, ఇది ఎడిటింగ్‌ని ఆపడం కాదు, డిఫ్ చూపించమనడం. మనం కోడ్‌లో ఒక్క లైను మార్చినా ఎవరు మార్చారు, ఎప్పుడు, ఎందుకు అని రికార్డు ఉంటుంది. పాత వెర్షన్ ఎప్పుడైనా తీసి చూడొచ్చు. జీవితంలో అన్నిటికంటే పెద్ద కొనుగోలుకి ఆపాటి హిస్టరీ అడగడం అత్యాశా? మన ప్రాపర్టీ సైట్లకి ఇది సాంకేతికంగా కష్టమేమీ కాదు. ఫోటో పక్కన 'అసలు ఫోటో' అని ఒక బటన్. ఈ సైట్లు కట్టేది మనలాంటి వాళ్ళమే కాబట్టి, ఎవరైనా ఆ టీములో ఉంటే ఒక్కసారి ఆ మాట మీటింగులో అనండి. దీనివల్ల మావాడిలాంటి వాళ్ళకీ మేలే. 'అసలు ఫోటో పక్కనే ఉంటుంది' అని తెలిస్తే టవరు తీసెయ్యమని అడిగేవాడే ఆలోచిస్తాడు, ఆ భారం ఎడిటర్ మెడకి చుట్టుకోదు.

ఇది త్వరగా జరగాలి కూడా. ఫోటోషాప్‌లో ఆకాశం మార్చడం 2020 అక్టోబరులో ఒక్క మెనూ క్లిక్కయింది. 2023లో జెనరేటివ్ ఫిల్ వచ్చాక, తీసెయ్యాల్సినదాన్ని గీసి చూపిస్తే చాలు. మావాడి పని ఇప్పుడు చాలావరకు ఏఐ చేసినదాన్ని తనిఖీ చెయ్యడం. అది ఒక్కోసారి గోడలో తలుపు మింగేస్తుంది, లేని కిటికీ పెడుతుంది, నేల టైల్స్ మార్చేస్తుంది. వాడు పట్టుకుని వెనక్కి పెడతాడు. రేటు తగ్గింది, ఫోటోల సంఖ్య పెరిగింది. మనిషి చేస్తున్నప్పుడు కనీసం 'ఆ ఇంటికి ఎవడో ఉంటాడు కదా' అన్న ప్రశ్న ఒక్కటి పుట్టింది. యంత్రానికి ఆ ప్రశ్న పుట్టదు.

చట్టాలు, బటన్లు వచ్చేదాకా మనం చెయ్యగలిగినవి కొన్ని:

1. ఫోటో అంచుల్లో ఉన్న వస్తువులు చూడండి. అంచున ఫ్యాన్, కుర్చీ, కమోడ్ సాగినట్టు ఉంటే వెడల్పు లెన్సు వాడారని అర్థం. గది కొలతలు అంకెల్లో అడగండి.

2. బయటి ఫోటోలన్నిట్లో ఒకే మబ్బులున్నాయా? మబ్బు పట్టిన రోజుకీ ఎండ నీడలకీ పొంతన ఉందా? ఆకాశం మార్చడం నేరం కాదు గానీ, అక్కడ చెయ్యి పడిందంటే మిగతాచోట్ల ఏం చేశారో అడగొచ్చు.

3. గోడ మరీ నున్నగా, మరక లేకుండా ఉంటే ఆ గోడని దగ్గర్నుంచి, ఫోన్‌తో తీసి పంపమనండి. పాత ఇల్లయితే వానాకాలంలో తీసింది అడగండి.

4. మ్యాప్‌లో వీధి దృశ్యం దొరికితే స్తంభాలు, తీగలు, పక్కిళ్ళు సరిపోల్చుకోండి.

5. అన్నిటికంటే ముఖ్యం, ఎద్దుని నడిపించండి. వీడియో కాల్‌లో గేటు దగ్గర మొదలుపెట్టి ఆపకుండా, కట్ చెయ్యకుండా ప్రతి గదీ, ప్రతి మూలా తిప్పి చూపించమనండి. ఇష్టపడకపోతే అదీ ఒక సమాధానమే.

ఈ మధ్య ఫోటోలు చూసి ఇల్లు కొన్నవాళ్ళో అద్దెకి దిగినవాళ్ళో మీలో ఉంటే, తలుపు తీసి లోపలికి అడుగు పెట్టాక ఫోటోకీ ఇంటికీ మొదటి తేడా ఎక్కడ కనిపించిందో చెప్పండి. మావాడికి చదివి వినిపిస్తాను.